మే నెలలో పాసైతేనే పాస్

పెళ్లిళ్ల సీజన్ మధ్యలో వీడియోగ్రాఫర్ నుంచి ఫోన్ వచ్చిందంటే నాకు గుండె దడే. ఆ రోజుల్లో వాళ్లకి అన్నం తినడానికే టైముండదు, నాతో కబుర్లాడ్డానికి ఎక్కడిది? ఏదో కొంప మీదికొచ్చి ఉంటుంది. మే రెండో వారంలో రేపల్లె నుంచి వచ్చిన ఫోన్ కూడా అలాంటిదే.

"మాస్టారూ, మిషన్ గంటకోసారి నీలం తెర వేసేస్తందండీ. ఎక్స్‌పోర్టు డెబ్బై శాతం దాకా పోద్ది, ఠపీమని ఆగిపోద్ది. నాలుగు పెళ్లిళ్లు ఆగిపోయినయ్. కరెంటు వోల్టేజీ తేడా అంటన్నారు, పెద్ద స్టెబిలైజరు కొనమంటన్నారు. కొననా?"

"కొనకండి. ఆ మిషన్‌కి ఈమధ్య ఎవరన్నా స్పీడు పెంచారా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "మా మేనల్లుడండీ... సంక్రాంతికి వచ్చినప్పుడు ఏదో చేశాడు" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. ముప్పై చిల్లర కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు దాటాక ఇంకాసేపటికి రైలు పట్టాలే అయిపోతాయి. ఆ బండిలో కూర్చుని ఈ వారం కాలమ్ దేనిమీద రాయాలో తేల్చేసుకున్నాను. ఓవర్‌క్లాకింగ్ గురించి అడుగుతూ ఈ వేసవిలో నాకొచ్చిన ఉత్తరాలు తక్కువేం కాదు. అందరూ ఒకటే అడుగుతారు: "సార్, ఎంత వోల్టేజీ పెట్టాలి?" ఆ అంకె ఒక్కటీ చెప్పేస్తే పని అయిపోతుందని వాళ్ల నమ్మకం.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. మన ఊళ్లలో వోల్టేజీ అనగానే గోడ దగ్గరి వోల్టేజీయే గుర్తొస్తుంది. తప్పేం లేదు. వేసవి రాత్రి ఊళ్లో ఏసీలన్నీ ఒకేసారి మొదలైతే ఫ్యాను నీరసపడటం, చెరువుల దగ్గర ఏరియేటర్ మోటార్లు మూలగడం మనం చూస్తున్నవే. ఇంట్లోకి వచ్చేది పేరుకి 230 వోల్టులు. కంప్యూటర్ లోపలి ఎస్ఎంపీఎస్ దాన్ని 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. మంచి రకాలు చాలావరకు 100 నుంచి 240 దాకా ఏది ఇచ్చినా తీసుకుని లోపలికి మాత్రం అదే 12 ఇస్తాయి. ఆ 12 వోల్టులు మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉండే వీఆర్ఎం అనే సర్క్యూట్‌లోకి వెళ్లి 1.2, 1.3 వోల్టులకి దిగుతాయి. ఓవర్‌క్లాక్ చేసేవాడు బయాస్‌లోకి వెళ్లి తిప్పేది ఈ చివరి అంకెని. దీన్ని వీకోర్ అంటారు. మీరు గోడకి ఎంత పెద్ద స్టెబిలైజరు తగిలించినా వీకోర్ ఒక్క వెంట్రుక వాసి కూడా మారదు.

1.25 వోల్టులే కదా, చేతిగడియారం సెల్లు కన్నా తక్కువ కదా అనుకోకండి. ప్రాసెసర్ 150 వాట్లు లాగుతుంటే, 1.25 వోల్టుల దగ్గర అది 120 ఆంపియర్లు. మీ ఇంటి మీటరు పక్కనున్న మెయిన్ ఎంసీబీ మీద ఏమని రాసుందో ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో 32 అని ఉంటుంది. అంటే ఇల్లంతటికీ వాడే కరెంటుకి దాదాపు నాలుగింతలు అగ్గిపెట్టె అంత చిప్పులోకి పోతోంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

వేగం పెంచితే వోల్టేజీ ఎందుకు పెంచాలి? ప్రాసెసర్ 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందంటే సెకనుకి 500 కోట్ల తాళాలు. ఒక్కో తాళానికి దొరికేది సెకనులో 500 కోట్లవ వంతు. అంత వ్యవధిలో వెలుతురు కూడా ఆరు సెంటీమీటర్లే వెళ్లగలదు. అంతలోనే లోపలి ట్రాన్సిస్టర్లన్నీ మారాల్సినవి మారి, లెక్క చివరిదాకా చేరి, తర్వాతి తాళానికి సిద్ధంగా ఉండాలి. చేరకపోతే? తప్పు అంకెతోనే ముందుకి పోతుంది. అదే క్రాష్. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు ఇంకొంచెం చురుగ్గా మారతాయి, లెక్క టైముకి చేరుతుంది.

మన డెల్టా వాళ్లకి ఇది కాలువ లెక్కలో చెబితే ఇట్టే తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు తెనాలి దాటి రేపల్లె పక్క చివరి భూములకి చేరాలి. కాలువలో మట్టం బాగుంటే ఆఖరి తూముకి కూడా టైముకి అందుతుంది. మట్టం తగ్గితే చివరి రైతు ఎండిపోతాడు. అలాగని తల దగ్గర మట్టం పెంచుకుంటూ పోతే గట్టుకి గండి పడుతుంది. ఇంకో సంగతి. పై రైతులంతా ఒకేసారి తూములెత్తారనుకోండి, తల దగ్గర మట్టం మారకపోయినా కింద పడిపోతుంది. ప్రాసెసర్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇందాకటి 120 ఆంపియర్లు గుర్తున్నాయా? దారిలో ఓమ్‌లో వెయ్యోవంతు అడ్డున్నా చాలు, 0.12 వోల్టు అక్కడే హరించుకుపోతుంది. బయాస్‌లో మీరు 1.35 పెడతారు, పని పడినప్పుడు ప్రాసెసర్‌కి అందేది 1.23. దీన్ని వీడ్రూప్ అంటారు. అందుకే "ఎంత వోల్టేజీ పెట్టాలి" అన్న ప్రశ్నకి నేను జవాబు చెప్పను. ఎంత పెట్టారని కాదు, బరువు పడ్డప్పుడు ఎంత మిగిలిందన్నదే లెక్క.

రేపల్లె స్టూడియో మొదటి అంతస్తులో ఉంది, పైన డాబా. మధ్యాహ్నం పన్నెండుకే గది కొలిమిలా ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమని పది సెకన్లు అరిచి చచ్చిపోయింది, దాంతోపాటు కంప్యూటరూ ఆరిపోయింది.

"ఇది కొత్త బ్యాటరీయేనండీ, ఉగాదికే వేయించా" అన్నాడాయన.

బ్యాటరీ తప్పు కాదది. 600 వీఏ అని రాసుండే చిన్న యూపీఎస్‌లు చాలావరకు మోయగలిగేది 360 వాట్లే. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, రెండు మానిటర్లు, నాలుగు హార్డ్‌డిస్కులు కలిపి ఆ గీత దాటేశాయి. మేనల్లుడు స్పీడు పెంచినప్పుడు యూపీఎస్ సంగతి ఆలోచించలేదు. నిజానికి ఎవరూ ఆలోచించరు. ఓవర్‌క్లాకింగ్ పాఠాలు చెప్పే విదేశీ వీడియోల్లో కరెంటు పోదు కదా!

కరెంటు వచ్చాక బయాస్ తెరిచాను. ప్రాసెసర్ ఐ7-8700కె. 2017 అక్టోబరులో వచ్చిన ఆరు కోర్ల చిప్పు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట. అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు కంపెనీ లెక్క ప్రకారం 4.3 గిగాహెర్ట్జ్, ఒక్క కోరే పనిచేస్తుంటే 4.7. ఇక్కడ మల్టిప్లయర్ 50, అంటే 100 మెగాహెర్ట్జ్‌ని 50తో హెచ్చవేసి 5 గిగాహెర్ట్జ్, అదీ అన్ని కోర్లకీ. వోల్టేజీ 1.40, కదలకుండా ఫిక్స్‌డ్ మోడ్‌లో.

మేనల్లుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. కుర్రాడు తెలివైనవాడే. సంక్రాంతి సెలవుల్లో 1.33 వోల్టులు పెట్టి, సినీబెంచ్ పది నిమిషాలు తిప్పి, పాసయ్యిందని ఊరుకున్నాడు. మార్చిలో మొదటి క్రాష్. "మావయ్యా, 1.36 చెయ్యి" అని ఫోన్‌లో చెప్పాడు. కొన్నాళ్లు బాగుంది. ఏప్రిల్‌లో మళ్లీ క్రాష్. 1.40 అయింది. మేలో గంటకోసారి.

"వోల్టేజీ పెంచితే స్టేబుల్ అవ్వాలి కదా సార్? నేను పెంచుతున్న కొద్దీ ఇంకా పడిపోతోంది" అన్నాడు.

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నలోనే ఈ వారం సరుకంతా ఉంది. ప్రాసెసర్ తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వోల్టేజీ ఒకింత పెంచితే వేడి రెండింతలుగా పెరుగుతుందన్నమాట. ఉదాహరణకి వేగం 10 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచారనుకోండి. 1.1 ని మూడుసార్లు హెచ్చవేయండి: 1.33. వేగం పదోవంతు పెరిగింది, వేడి మూడోవంతు పెరిగింది. చిప్పు వేడెక్కే కొద్దీ లోపల ఊరికే కారిపోయే కరెంటు పెరుగుతుంది, ఆ కారడంతో ఇంకాస్త వేడెక్కుతుంది. పైగా వేడెక్కిన చిప్పుకి అదే వేగం నిలబెట్టడానికి ఇంకొంచెం ఎక్కువ వోల్టేజీ కావాలి. అలా కుర్రాడు వోల్టేజీ పెంచితే వేడి, వేడి పెరిగితే మళ్లీ వోల్టేజీ అంటూ గానుగెద్దులా తిరుగుతున్నాడు.

ఇక అసలు ముద్దాయి ఎండ. గది వేడి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. సంక్రాంతికి గది 24 డిగ్రీలు, మేలో ఏసీ లేనప్పుడు 40. తేడా పదహారు. జనవరిలో 84 దగ్గర హాయిగా నడిచిన చిప్పు మేలో 100కి చేరుతుంది, ఈ రకానికి అదే ఆఖరి గీత. అది తాకగానే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం దించేసుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ఎక్స్‌పోర్టు మొదలుపెట్టాం. బరువు పడగానే 1.40 కాస్తా 1.32కి జారింది. రెండు నిమిషాల్లో 100 డిగ్రీలు. మేనల్లుడి 5 గిగాహెర్ట్జ్ 4.5కి, 4.4కి ఎగిరెగిరి పడుతోంది.

"అంటే ఇన్నాళ్లూ ఐదు నడవలేదా?" అన్నాడు స్టూడియో ఆయన.

"నడిచిందండీ, చలికాలం."

సినీబెంచ్‌లో పాసై ఎక్స్‌పోర్టులో ఎందుకు ఫెయిలయ్యిందన్నది ఇంకో సంగతి. వీడియోని కుదించే ప్రోగ్రాములు ఏవీఎక్స్ అనే ప్రత్యేకమైన సూచనలు వాడతాయి. ఒకే దెబ్బకి ఎక్కువ అంకెల మీద పని జరుగుతుంది కాబట్టి కరెంటు కూడా ఎక్కువే లాగుతాయి. ఇంకా గేమ్స్ అయితే ప్రాసెసర్‌ని సగం కూడా కదిలించవు. "నా మిషన్ గేమ్స్‌లో రాక్ స్టేబుల్ సార్" అని చెప్పేవాళ్లకి నేను చెప్పేదొక్కటే, గేమ్స్ ఆడుకుంటే ఆడుకోండి, దాంతో డబ్బులు సంపాదించే పని మాత్రం పెట్టుకోవద్దు.

మేం చేసింది పెంచడం కాదు, దించడం. మల్టిప్లయర్ 47కి తెచ్చాను. లోడ్ లైన్ కాలిబ్రేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఇందాకటి జారుడుని అదుపు చేసేది. ఆటోలో ఉన్నదాన్ని మధ్య మెట్టుకి మార్చాను. ఇక్కడొక జాగ్రత్త: మెట్ల లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో దారి. ఆసుస్‌లో అంకె పెరిగే కొద్దీ గట్టిగా పట్టుకుంటుంది, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లలో 1 అన్నదే అన్నిటికన్నా గట్టిది. ఒకదానికి చెప్పిన వీడియో చూసి ఇంకోదానిలో పెట్టేరు సుమా! జారుడు పూర్తిగా పోవాలని అన్నిటికన్నా గట్టి మెట్టు పెట్టడమూ తప్పే. బరువు దిగిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారి పైకి తన్నుతుంది, మామూలు ప్రోగ్రాములకి ఆ తన్ను కనపడదు కూడా. తూములన్నీ ఒకేసారి మూసేస్తే కాలువ పొంగదా? కొంచెం జారనివ్వడమే క్షేమం.

తర్వాత వోల్టేజీ. 1.30 నుంచి మొదలుపెట్టి 0.01 చొప్పున దించుకుంటూ వచ్చాం. ప్రతిసారీ ఒక టెస్టు. 1.22 దగ్గర నీలం తెర, క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అని. ఇది చాలావరకు వోల్టేజీ చాలక వచ్చేదే. 1.23 దగ్గర గంటన్నర నిలబడింది. అక్కడితో ఆపకుండా ఇంకో 0.02 కలిపి 1.25 ఖాయం చేశాను. ఆ 0.02 రోహిణి కార్తె వాటా. బరువు మీద అది 1.20 అవుతోంది.

లెక్క చూడండి. వేగం 5 నుంచి 4.7కి, ఆరు శాతం తగ్గింది. వోల్టేజీ 1.32 నుంచి 1.20కి. కరెంటు ఖర్చు, దాంతోపాటు వేడి, సుమారు 22 శాతం తగ్గాలి. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపించి, కిటికీలు మూయించి ఎక్స్‌పోర్టు పెట్టించాను. స్టూడియో ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. 86 డిగ్రీల దగ్గర ఆగింది. అంతకుముందు ఒకసారి ఎలాగో పూర్తయిన ఒక ముక్కకి 31 నిమిషాలు పట్టిందట, ఇప్పుడు 29. వేగం తగ్గిస్తే పని ముందే అయింది. కారణం మీకు తెలిసిందే, ఇది 4.7 దగ్గరే ఆగకుండా నడిచింది, అది 5కీ 4.4కీ మధ్య ఆయాసపడింది.

ఆఖర్న ఫిక్స్‌డ్ మోడ్ తీసేసి అడాప్టివ్ పెట్టాను. ఫిక్స్‌డ్‌లో మిషన్ ఖాళీగా ఉన్నా పూర్తి వోల్టేజీ పోతూనే ఉంటుంది. టెస్టులు చేసుకునేటప్పుడు అది సుఖం, రోజూ వాడుకోవడానికి దండగ. యూపీఎస్ కూడా పని చేసుకుపోయింది, కొత్తది కొనే పని తప్పింది.

అంతా అయ్యాక ఆయన అసలు బాధ బయటపెట్టాడు. పెళ్లయిన రాత్రే కెమెరా కార్డుల్లోని ఫైళ్లన్నీ ఈ మిషన్‌లోకి కాపీ చేసుకుని, తెల్లారి పెళ్లికి కార్డులు ఖాళీ చేసి తీసుకెళ్లడం అలవాటు. ఏప్రిల్‌లో ఒక పెళ్లివి రెండు క్లిప్పులు తెరుచుకోవట్లేదు. ఒకటి ఊరేగింపు, పోనీ అనుకోవచ్చు. రెండోది అప్పగింతలు. పెళ్లికూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి తండ్రి బావురుమన్న క్లిప్పు. కార్డు మీద అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కింది.

"ఇంకో కెమెరాలో వెనక నుంచి ఉందండీ. పెళ్లికూతురి తల, ఆయన భుజం కనపడతయ్. మొహం లేదు. వాళ్లకింకా చెప్పలేదు."

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచాను. అందులో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ అనే పేరు వెతకాలి. పక్కన 18 అంకె ఉంటే ప్రాసెసర్ తప్పు సరిదిద్దుకోలేక కూలిందని, 19 ఉంటే తప్పు జరిగింది గానీ తనే సరిదిద్దుకుందని అర్థం. ఆ కాపీ జరిగిన రాత్రి 19 అంకెతో వరసగా ఎర్రర్లు ఉన్నాయి, అర్ధరాత్రి దాటాక ఒక 18. క్లిప్పులు పాడవడానికి ఓవర్‌క్లాకే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కార్డే పాడయ్యుండొచ్చు, కేబులు వదులయ్యుండొచ్చు. కానీ ఆ టైము చూశాక ఆయన మొహం వైపు చూడలేకపోయాను. మేనల్లుడు ఫోన్‌లో ఉన్నాడు, అంతా విన్నాడు, ఏమీ అనలేదు. ఓవర్‌క్లాక్ సరిపడకపోతే నీలం తెర వస్తుందనే అందరికీ తెలుసు. నీలం తెర వస్తే నయం, కనీసం ఆగి చెబుతోంది. చెప్పకుండా తప్పు అంకె రాసుకుంటూ పోయేదే ప్రమాదం. అందుకే టెస్టులో ప్రోగ్రామ్ కూలకపోవడమే కాదు, ఆ లాగ్‌లో 19 ఒక్కటి కూడా లేకపోవడం పాసు మార్కు.

కార్డులు మాత్రం వీడియో డెలివరీ ఇచ్చేదాకా ఖాళీ చేయొద్దని చెప్పాను. ఒక డజను కార్డుల ఖర్చు.

బాపట్ల నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి రాసిన ఉత్తరం ఇదే వారం వచ్చింది. ఐ5-12400 ఉంది, ఆరు వేలు పెట్టి పెద్ద కూలర్ కొని ఓవర్‌క్లాక్ చేద్దామనుకుంటున్నాడు, వోల్టేజీ ఎంత పెట్టమంటారు అని. తమ్ముడూ, ముందు ఆ పేరు చివర చూడు. ఇంటెల్‌లో చివర కె అక్షరం లేకపోతే మల్టిప్లయర్‌కి తాళం ఉన్నట్టే. కె ఉన్నా సరైన మదర్‌బోర్డు ఉండాలి, పేరు జెడ్‌తో మొదలయ్యేది. ఏఎండీ రైజెన్‌లలో ఎక్కువ వాటికి తాళం లేదు గానీ ఏ520, ఏ620 లాంటి చవక బోర్డుల్లో ఆ సౌకర్యం ఉండదు. నీ మిషన్‌లో ర్యామ్ 8 జీబీ ఒక్కటే కర్ర అని రాశావు. ఆ డబ్బుతో అలాంటిదే ఇంకోటి కొని పక్కన పెట్టు, రెండు దార్లలో నడుస్తుంది. ఏ వోల్టేజీ ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది. డబ్బులు మిగిలితే ఒక దుమ్ము దులిపే బ్లోయర్ కొనుక్కో. సూర్యలంక గాలి తగిలే ఊరు మీది. ఆ ఉప్పు చెమ్మకి దుమ్ము తడిసి హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టలా కడుతుంది. మూడు నెలలకోసారి ఆ అట్ట తీస్తే పెద్ద కూలర్ కొన్నంత లాభం.

అదే కుర్రాడు ఇంకో మాట కూడా అడిగాడు. కంపెనీ సెట్టింగ్‌లో వదిలేస్తే ఏ గొడవా ఉండదు కదా అని. ఉండకూడదు. కానీ 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో పెద్దవాటి విషయంలో జరిగింది చూడండి. ఏ ఓవర్‌క్లాకూ చేయనివాళ్ల మిషన్లు కూడా గేమ్స్ మధ్యలో కూలిపోయాయి. కొన్నిట్లో 'వీడియో మెమొరీ చాలదు' అని తప్పుడు కబురు వచ్చేది, జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. చిప్పు తనకి కావలసిన దానికన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని, దాంతో లోపల అరిగిపోతోందని చివరికి ఇంటెలే చెప్పింది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ ఇచ్చి ఆ అడగడాన్ని 1.55 వోల్టుల దగ్గర కట్టేసింది, సెప్టెంబరులో ఇంకోటి ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన చిప్పుని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు. అంతకుముందు ఏడాది, 2023 వసంతంలో, ఏఎండీ రైజెన్ 7000 వరసలో కొన్ని చిప్పులు సాకెట్లోనే కాలాయి. ఎస్ఓసీ వోల్టేజీ అనే ఇంకో అంకెని 1.3 దాటనివ్వకుండా ఏఎండీ కట్టడి చేయాల్సి వచ్చింది. చిప్పు చేసినవాళ్లకే ఇలా జరిగితే సంక్రాంతి సెలవుల్లో పది నిమిషాల టెస్టు ఏపాటిది? 13, 14 తరాల ఐ7, ఐ9 ఉన్నవాళ్లు ఈ పేజీ మూసి ముందు బయాస్ అప్‌డేట్ చేసుకోండి.

పాతరోజులు వేరు. 1998లో సెలెరాన్ 300ఏ అని వచ్చింది. మదర్‌బోర్డు మీద బస్సు వేగం 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో పరుగెత్తేది, చాలామందికి వోల్టేజీ ముట్టుకునే అవసరమే రాలేదు. సగానికి సగం ఉచితం! కంపెనీలు అప్పట్లో అంత వదిలేసేవి. ఇప్పుడు టర్బో, బూస్ట్ అని పేర్లు పెట్టి ఆ మిగులంతా వాళ్లే పిండేస్తున్నారు. మనకి మిగిలేది ఐదారు శాతం. ఆ ఐదారు శాతం కోసం పడే పాట్లు చూస్తే జాలేస్తుంది.

నేనేం శుద్ధపూసని కాదు. 2012లో తెనాలిలో నా ఐ5-2500కె ని 4.5కి లేపి, వోల్టేజీని ఆటోకి వదిలేశాను. అది తనకి తోచినంత, 1.42 దాకా పోసుకుంది. నేను చూడలేదు, స్పీడు చూసుకుని మురిసిపోయాను. మే నెలాఖరులో మదర్‌బోర్డు వీఆర్ఎం దగ్గర కాలిన వాసన వచ్చింది. బోర్డు తప్పు కాదు, ఆటో అన్నది నన్ను నమ్ముకున్నదని నాకు తెలీకపోవడం తప్పు. చిప్పు మాత్రం బతికింది, ఇప్పటికీ 4.2 దగ్గర మా ఇంట్లో పాటలు పాడుతోంది.

కాబట్టి చేసుకునేవాళ్లు ఇలా చేసుకోండి. ముందు బయాస్ కొత్తది వేయండి, ఇప్పటి సెట్టింగులు ప్రొఫైల్‌గా దాచుకోండి. ర్యామ్‌కి ఎక్స్ఎంపీ ఆపేయండి, లేకపోతే తప్పు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో తెలిసి చావదు. మల్టిప్లయర్ ఒక్కో మెట్టే పెంచండి, కూలినప్పుడే వోల్టేజీ 0.01, 0.02 పెంచండి. నా ఇంట్లో అయితే ఇంటెల్ పాత 14 నానోమీటర్ల చిప్పులకి 1.35 దాటను, బరువు మీద 85, 86 డిగ్రీలు దాటనివ్వను. టెస్టుకి ప్రైమ్95, ఓసీసీటీ ఉన్నాయి, కానీ అన్నిటికన్నా మంచిది మీరు రోజూ చేసే పనే, మధ్యాహ్నం పూట, ఏసీ లేకుండా, రెండు గంటలు. ఆ తర్వాత ఎక్స్ఎంపీ పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్. రైజెన్ వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు 1.45 కనపడితే హడలిపోకండి, ఒక్క కోరు క్షణకాలం ఎగిరినప్పుడు అలా చూపించడం వాటి నైజం. అన్ని కోర్లకీ ఫిక్స్‌డ్‌గా అదే అంకె మీరు పెడితేనే ముప్పు. వాటికి కర్వ్ ఆప్టిమైజర్‌లో వోల్టేజీ తగ్గించుకోవడమే లాభసాటి, చల్లబడిన కొద్దీ తనంతట తనే వేగం పెంచుకుంటుంది.

రేపల్లె ఆయన ఆషాఢం వచ్చేలోపు నాలుగు పెళ్లిళ్లూ ఇచ్చేశాడు. అప్పగింతలు ఉన్న పెళ్లి వాళ్లకి తనే ఇంటికెళ్లి చెప్పాడట. తండ్రి కాసేపు ఊరుకుని, "పోన్లెండి, నేను ఏడవడం నేనేం చూసుకుంటా" అన్నాడట.

మొన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. "సార్, సంక్రాంతికి ఊరొస్తా. చలికాలమే కదా, ఇంకో వంద మెగాహెర్ట్జ్ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో. ఉగాదికి మళ్లీ వచ్చి దించి వెళ్లు" అన్నాను.